పొంతన వేరు, ప్రమాణం వేరు



పద్యాలూ, పదాల వ్యుత్పత్తులూ ముచ్చటించుకొనే ఈ చోట ఇవాళ వైద్యం మాట ఎత్తుతున్నందుకు మన్నించండి. వైద్యం నా విద్య కాదు. అయితే నేను చెప్పబోయే దానిలో వైద్యం కన్నా భాష ఎక్కువ. ప్రశ్నపత్రం ఉన్నది, మార్కులు ఉన్నాయి. ఈ మూడింటితో ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసినవాణ్ణి గనుక నోరు విప్పడానికి కొంత అర్హత ఉన్నదనే అనుకొంటున్నాను.

సంగతి ఇది. ఒకప్పుడు నా దగ్గర పదవ తరగతి చదివిన అమ్మాయి ఒకతె ఇప్పుడు సింగపూరులో పరిశోధన చేస్తున్నది. చీనా సంప్రదాయ వైద్యాన్ని అనుసరించి తయారైన ఒక ఆరోగ్య ప్రశ్నావళిని అక్కడి తెలుగువారి చేత నింపించాలని ఆమె సంకల్పం. అందుకోసం తెలుగు చేసి, భాష సరిచూడమని నాకు పంపింది. మొత్తం అరవై ప్రశ్నలు. చివర ఒక వాక్యం వ్రాసింది: "మాస్టారూ, మీరు తెలుగు ఒక్కటీ చూస్తే చాలు. శాస్త్రం సంగతి ఎప్పుడో తేలిపోయింది, ఇది వాలిడేట్ అయిన ప్రశ్నావళి."

ఆ చివరి మాట దగ్గర నా కలం ఆగిపోయింది. వాలిడేట్ అయినది. మనవాళ్ళు దీనిని ప్రామాణీకరణ అంటున్నారు. ప్రమాణం అనే మాటను న్యాయశాస్త్రం ఎంత జాగ్రత్తగా వాడిందో మీకు తెలియనిది కాదు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు విధాలుగా విడగొట్టి, దేని బలమెంతో, దేని హద్దు ఎక్కడో తరతరాలు వాదించుకొన్నారు. అటువంటి మాటను ఇవాళ రబ్బరు ముద్రగా చేసి, "ఇక అడగవద్దు" అన్న అర్థంలో వాడుతున్నారు. నా వాదం ఈ వాడుక మీదనే. చీనా వైద్యం మీద కాదు, ఆ అమ్మాయి మీద అంతకన్నా కాదు.

ముందు ఆ ప్రశ్నావళి ఏమిటో చెప్పాలి. బీజింగు చీనా వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య వాంగ్ చీ మనుషుల దేహతత్త్వాన్ని తొమ్మిది రకాలుగా విభజించారు. మొదటిది సమతత్త్వం. తక్కిన ఎనిమిదీ ఏదో ఒక వైపు ఒరిగినవి: చీ లోపం, యాంగ్ లోపం, యిన్ లోపం, కఫమూ తేమా పేరుకొన్నది, తేమా వేడీ కలిసినది, రక్తం మందగించినది, చీ స్తంభించినది, చివరగా అలర్జీలవంటి వాటికి లోనయ్యే ప్రత్యేక తత్త్వం. ఆచార్యుల పేరులోని చీ వేరు, లోపించే చీ వేరు. వారి లిపిలో రెండూ వేర్వేరు అక్షరాలు. 2009లో చీనా వైద్య సంఘం ఈ వర్గీకరణను ప్రమాణపత్రంగా ప్రకటించింది. 2013 నుండి అక్కడ అరవై ఐదేళ్ళు దాటిన వారికి ప్రభుత్వం అందించే ప్రాథమిక ఆరోగ్య సేవలలో దీని చిన్న రూపం, ముప్పై మూడు ప్రశ్నలది, చేరింది. అంటే ఇది ఎవరో వినోదానికి వ్రాసుకొన్న చిట్టా కాదు. లక్షలాది వృద్ధుల ఆరోగ్యపత్రాలలోకి ఎక్కే విషయం.

పద్ధతి సులభం. గడచిన ఏడాదిలో మీకు త్వరగా అలసట వస్తున్నదా, ఊపిరి అందడం లేదా, గుండె దడ ఉన్నదా, లేచి నిలబడితే తల తిరుగుతున్నదా, గొంతు నీరసంగా ఉన్నదా అని అడుగుతారు. ఎన్నడూ లేదంటే 1, అరుదుగా అంటే 2, అప్పుడప్పుడు అంటే 3, తరచుగా అంటే 4, ఎల్లప్పుడూ అంటే 5. చీ లోపానికి ఇటువంటివి ఎనిమిది ప్రశ్నలు. వచ్చిన మొత్తంలో నుండి 8 తీసివేసి, 32తో భాగించి, నూటితో హెచ్చవేస్తారు. 40 గాని ఆ పైన గాని వస్తే ఆ తత్త్వం ఉన్నట్టు. 30 నుండి 40 లోపల అయితే మొగ్గు ఉన్నట్టు. 30 లోపయితే లేనట్టు.

ఇక్కడ నా పాత బుద్ధి ఊరుకోలేదు. కాగితం తీసుకొని లెక్క వేశాను. ఒకావిడ నాలుగు ప్రశ్నలకు "అరుదుగా" అనీ, నాలుగింటికి "అప్పుడప్పుడు" అనీ గుర్తు పెట్టిందనుకోండి. మొత్తం 20. లెక్క కడితే 37.5. ఆమెకు మొగ్గు మాత్రమే ఉన్నది. ఒక్క ప్రశ్నలో "అరుదుగా" పోయి "అప్పుడప్పుడు" వస్తే మొత్తం 21, లెక్క 40.6. ఆమెకు చీ లోపం ఉన్నది! ఒక్క మాట తేడా.

ఇప్పుడు చెప్పండి, తెలుగులో "అరుదుగా" అన్న మాటను నిత్యవ్యవహారంలో వాడేవారు ఎందరు? మా పెద్దమ్మ ఉండి ఉంటే "ఎప్పుడైనా ఒకసారి" అనేది. "అప్పుడప్పుడు" అన్నా, "ఒక్కోసారి" అన్నా ఆమె దృష్టిలో ఒకటే. "అరుదు" అన్న మాట వింటే ఏదో అపురూపమైన వస్తువు అనుకొని, తన తలతిప్పుడు అంత అపురూపమేమీ కాదు గదా అని తరువాతి గడిలో గుర్తు పెట్టేది. చీనా వైద్యుడు బీజింగులో గీసిన గీతను తెలుగు పండితుడు తన పదాల ఎంపికతో అటో ఇటో జరపగలడు. "మీరు తెలుగు ఒక్కటీ చూస్తే చాలు" అన్నది ఎంత పెద్ద బరువో ఆ అమ్మాయికి తెలియలేదు.

ఇంతకూ ఈ వాలిడేషన్ అనే ప్రక్రియలో ఏం చేస్తారు? నాకు అర్థమైనంత వరకు మూడు ముఖ్యమైన పనులు. ఒక తత్త్వానికి చెందిన ప్రశ్నలకు వచ్చిన జవాబులు తమలో తాము కలుస్తున్నాయా అని చూస్తారు. దానికి 1951లో లీ క్రోన్‌బాక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రసిద్ధం చేసిన ఆల్ఫా అనే సంఖ్య కొలత, 0.7 దాటితే చాలునని వాడుక. రెండవది, అదే మనిషిని కొన్నాళ్ళ తరువాత మళ్ళీ అడిగితే అవే జవాబులు వస్తున్నాయా అని. మూడవది, బయటి కొలత దేనితోనైనా ఇది సరిపోతున్నదా అని. మొదటి రెండూ పొంతనకు సంబంధించినవి. మూడవదే ప్రమాణానికి సంబంధించినది. మొదటి రెండూ సులువు, మూడవది కష్టం. అందువల్ల మొదటి రెండింటిలో ఉత్తీర్ణత రాగానే మూడవది కూడా అయిపోయినట్టు చెప్పుకోవడం అలవాటైపోయింది.

పొంతనకూ ప్రమాణానికీ తేడా ఏమిటో బడిలో పనిచేసిన వారికి విడమరచి చెప్పనక్కరలేదు. నాతో పనిచేసిన ఒక సహోపాధ్యాయుడు వ్యాసరచనకు మార్కులు వేసేటప్పుడు చేతివ్రాతకే వేసేవాడు. అదే కట్టను నెల తరువాత ఇచ్చినా అవే మార్కులు పడేవి, ఒక్క మార్కు తేడా లేకుండా. ఒక పిల్లవాడి అయిదు వ్యాసాలు ఇస్తే అయిదింటికీ ఇంచుమించు ఒకటే మార్కు. ఎంత పొంతన! ఆల్ఫా కట్టి ఉంటే 0.9 వచ్చేదేమో. కానీ ఆ మార్కులు చెప్పేది దస్తూరి సంగతి. జాబితా శీర్షికలో మాత్రం "వ్యాసరచన" అని ఉండేది.

ఆల్ఫా చెప్పేది అంతే. ఈ ఎనిమిది ప్రశ్నలూ కలిసి ఏదో ఒక దానిని పట్టుకొంటున్నవని చెబుతుంది. ఆ ఒకటి చీ లోపమా, రక్తహీనతా, నిద్రలేమా, ఇంట్లో కోడలితో పడకపోవడమా అన్నది చెప్పదు. పైన "చీ లోపం" అని పేరు పెట్టినది మనిషి. లెక్క కాదు.

భాషవాడిగా నన్ను కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉన్నది. అమ్మాయి పంపిన తెలుగులో "త్వరగా అలసట వస్తుందా" అన్న దానికి "ఆయాసం వస్తుందా" అని ఉన్నది. "ఊపిరి అందదా" అన్న దానికి కూడా "ఆయాసపడతారా" అనే ఉన్నది. తప్పు ఆమెది కాదు. సంస్కృతంలో ఆయాసమంటే శ్రమ, బడలిక. తెలుగు నోళ్ళలో అది ఎగశ్వాసగా స్థిరపడింది. నిఘంటువు చూసినవారికి మొదటి అర్థం, వీధిలో విన్నవారికి రెండవ అర్థం. ఆ రెండు ప్రశ్నలూ ఒకే మాటతో వెళితే ఏమవుతుంది? జవాబులు రెండూ ఒకటే వస్తాయి. పొంతన పెరుగుతుంది. ఆల్ఫా పైకి పోతుంది! అనువాదం ఎంత చెడితే ఈ సంఖ్య అంత బాగుపడగలదన్నమాట. వేర్వేరు బాధలను ఒకే మాటలో ముంచేస్తే ప్రశ్నలన్నీ చక్కగా ఏకకంఠంతో పలుకుతాయి. తప్పును పట్టవలసిన సంఖ్య తప్పుకు బహుమానం ఇస్తున్నది. నా ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఇటువంటి పరీక్షాధికారిని నేను చూడలేదు.

తిరిగి మూలభాషలోకి మార్చి చూసే పద్ధతి ఉన్నది గదా అంటారు. ఉన్నది. నిఘంటువు తెలిసినవాడు "ఆయాసం" చూసి రెండు చోట్లా సరిగానే వెనక్కు మారుస్తాడు. మార్చినవాడికి అర్థమైనది మనకు తెలుస్తుంది. జవాబు చెప్పే ముసలమ్మకు ఏమి అర్థమైనదో తెలియదు.

అసలు ప్రశ్నావళి నిర్మాణంలోనే ఒక చమత్కారం ఉన్నది. సమతత్త్వాన్ని కొలిచే ఎనిమిది ప్రశ్నలలో కొన్ని ప్రత్యేకమైనవి కావు. త్వరగా అలసట వస్తుందా, గొంతు బలహీనంగా ఉంటుందా అన్న ప్రశ్నలు చీ లోపం పట్టికలోనివే. దిగులుగా ఉంటుందా అన్నది చీ స్తంభన పట్టికలోనిది. ఇతరుల కన్నా చలికి తట్టుకోలేరా అన్నది యాంగ్ లోపం పట్టికలోనిది. సమతత్త్వం దగ్గర వాటి మార్కులను తలక్రిందులు చేసి కలుపుతారు. కనుక అలసట ఎక్కువ అని చెప్పినవాడికి ఒక పట్టికలో పెరిగినంతా ఇంకొక పట్టికలో తరుగుతుంది. ఆ తరువాత "చూశారా, చీ లోపం పెరిగిన కొద్దీ సమతత్త్వం తగ్గుతున్నది, సిద్ధాంతం చెప్పినట్టే జరిగింది" అంటే అందులో కొంత భాగం సిద్ధాంతం చేసిన పని కాదు, కూడికలూ తీసివేతలూ చేసిన పని. ఒకే సాక్షిని రెండుసార్లు బోనెక్కించి ఇద్దరు సాక్షులని వ్రాసుకోవడం ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు.

ఇక మూడవదానికి వద్దాం. బయటి కొలత. చీనా వైద్యుడు స్వయంగా రోగిని చూసి చెప్పిన తత్త్వంతో ప్రశ్నావళి చెప్పిన తత్త్వం కలిస్తే అది ప్రమాణమేనా? వినడానికి బాగానే ఉన్నది. కానీ వైద్యులు తమలో తాము ఏకీభవిస్తున్నారా అన్నది ముందు తేలాలి. అమెరికాలో కీళ్ళవాతం ఉన్న 40 మంది రోగులను ముగ్గురు చీనా వైద్య నిపుణులకు విడివిడిగా చూపించి, 2005లో ఫలితాలు ప్రచురించారు. రోగ స్వరూప నిర్ణయంలో వారి ఏకాభిప్రాయం సగటున మూడవ వంతు కన్నా తక్కువ. కొలబద్దలే మూడు మూడు రకాలుగా ఉంటే దేనితో కొలుస్తాం? పైగా చీనా వైద్యంలో పరీక్షలు నాలుగు: చూడడం, వినడం, అడగడం, నాడి పట్టడం. వారి భాషలో ఆ రెండవ మాటకు వినడమనీ, వాసన చూడడమనీ రెండర్థాలూ ఉన్నాయట. ఎంత ముచ్చటైన శ్లేష! ప్రశ్నావళిలో ఆ నాలుగింటిలో మిగిలినది అడగడం ఒక్కటే. రోగి తన నాలుక మీద పాచి మందంగా ఉన్నదో లేదో తానే అద్దంలో చూసుకొని చెప్పాలి. సంప్రదాయం పేరు చెప్పి సంప్రదాయంలో ముప్పాతిక తీసివేస్తే, ఆ పేరు చెప్పుకొనే అధికారం ఎంత మిగులుతుంది?

హాంగ్‌కాంగ్‌లో ఇదే ప్రశ్నావళిని పరీక్షించి 2013లో ప్రచురించిన పరిశోధకులు తమ వ్యాసం పేరులోనే, దేహతత్త్వమనే భావన నిజంగా ఉన్నదా అని అడిగారు. ఆ ప్రశ్నార్థకానికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. శాస్త్రజ్ఞుడి సంస్కారం అది. ఆ కాగితం నుండి సింగపూరు దాకా, సింగపూరు నుండి నా బల్ల దాకా వచ్చేలోపల ఆ ప్రశ్నార్థకం దారిలో ఎక్కడో రాలిపోయి, "వాలిడేట్ అయినది" అన్న చుక్క ఒక్కటే మిగిలింది.

ఇంత కోపం దేనికి అని మీరు అడగవచ్చు. కారణం చెబుతాను. చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది.

2016లో మా ఆవిడకు ఒంట్లో బాగుండడం మానేసింది. ఏ పని చేసినా అలసట. వైశాఖమాసంలో కూడా కాళ్ళు చల్లగా ఉన్నాయని దుప్పటి అడిగేది. గొంతు మారి బొంగురుపోయింది. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోయేది. మా ఊళ్ళో జరిగిన ఒక ఆరోగ్య శిబిరంలో ప్రకృతి నిర్ణయ ప్రశ్నావళి అని ఒక కాగితం ఇచ్చారు. అది చీనా వారిది కాదు, మన వాత పిత్త కఫాల లెక్క. ఆమెకు అద్దాలు లేవని నేనే చదివి, నేనే గుర్తులు పెట్టాను. వాత ప్రకృతి అని తేలింది. వయసుకు వాతం పెరుగుతుంది, నువ్వులనూనె మర్దన చేసుకోండి, వేడివేడిగా తినండి, అన్నారు. ఎనిమిది నెలలు అలాగే చేశాం. ఆ ఎనిమిది నెలలూ ఆమె గొంతు ఇంకా దిగిపోతూనే ఉన్నది, ముఖం ఉబ్బుతూనే ఉన్నది. చివరకు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మా మేనకోడలు పండుగకు వచ్చి, "అత్తయ్య ముఖం ఇలా ఉంటే మీరు చూస్తూ కూర్చున్నారా మామయ్యా" అని రక్తపరీక్ష చేయించింది. థైరాయిడ్ గ్రంథి దాదాపు పనిచేయడం మానేసింది. రోజుకొక చిన్న మాత్ర. కొన్ని నెలలలో పాత గొంతు తిరిగి వచ్చింది. నన్ను వంటింట్లో నుండి కేకలు వేసే గొంతు.

ఆ ప్రశ్నావళిని నేను ఎందుకు నమ్మానో తెలుసునా? అందులో తెలుగు బాగుంది. ఒక్క అక్షరదోషం లేదు. నిస్త్రాణ, బడలిక, అంగమర్దం అని ఎంత చక్కని మాటలు! ఇంత మంచి తెలుగు వ్రాసినవాళ్ళు తప్పు చెబుతారా అనుకొన్నాను. పండితుడిని పదాలు మోసం చేసినంతగా మరెవరూ మోసం చేయలేరు.

ఇప్పుడు ఆ అరవై ప్రశ్నలలో యాంగ్ లోపం పట్టిక చూడండి. చేతులూ పాదాలూ చల్లబడతాయా? కడుపు, వీపు, మోకాళ్ళు చలికి ఓర్వవా? ఇతరుల కన్నా ఎక్కువ బట్టలు కప్పుకొంటారా? మా ఆవిడ అన్నింటికీ "ఎల్లప్పుడూ" అని చెప్పి ఉండేది. నూటికి నూరు మార్కులతో యాంగ్ లోపం తేలి ఉండేది. ఆల్ఫా తప్పు కాదు, జవాబులు తప్పు కాదు. అలాగే యిన్ లోపం పట్టికలో అరిచేతులూ అరికాళ్ళూ వేడిగా ఉంటాయా అని ఉన్నది. మన ఇళ్ళలో అరికాళ్ళ మంటలన్నవారిలో ఎందరికి మధుమేహం నరాలను తింటున్నదో! చక్కగా పొంతన కుదిరిన పేరు చేతికి వస్తే ఇక పరీక్ష ఎందుకనిపిస్తుంది. హాని చేసేది ప్రశ్న కాదు, ప్రశ్న తరువాత వచ్చే నిశ్చింత.

ఎదుటి పక్షం వారి మాట కూడా వినాలి. "మీ పాశ్చాత్య ప్రశ్నావళులు మాత్రం ఏమి తక్కువ? దిగులు జబ్బును కొలిచేవాటికి రక్తపరీక్ష ఉన్నదా?" అంటారు. న్యాయమైన ప్రశ్న. దిగులును కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి 2001లో వచ్చింది; పీహెచ్‌క్యూ-9 అంటారు. దానికీ రక్తపరీక్ష లేదు. అయితే దానిని పరీక్షించినవారు కొందరు రోగులతో మానసిక నిపుణుల చేత విడిగా మాట్లాడించి, ఆ నిర్ణయంతో మార్కులను పోల్చారు. పది మార్కుల గీత దగ్గర ఎంతమందిని సరిగ్గా పట్టిందో, ఎంతమందిని అనవసరంగా పట్టిందో సంఖ్యలు వ్రాశారు. అది కూడా నిర్ణయం కాదు, వైద్యుడిని కలవమని చెప్పే సూచన మాత్రమే. దానిని తెలుగు చేసినా నేను ఇదే పేచీ పెడతాను. తూర్పు, పడమర అన్నది కాదు ఇక్కడి తగాదా. సాక్షి ఎవరు, అతడు మన ఇంటివాడా బయటివాడా అన్నదే తగాదా.

మరొక పక్షం వారున్నారు. చీనా అన్నా ఆయుర్వేదమన్నా చదవకుండానే పెదవి విరిచేవారు. వారితోనూ నాకు పొత్తు కుదరదు. 2005లో హాంగ్‌కాంగ్, గ్వాంగ్‌జౌ పరిశోధకులు చీనా వైద్య దృష్టితోనే జీవననాణ్యతను కొలిచే మరొక ప్రశ్నావళి ప్రచురించారు. యాభై ప్రశ్నలు, పదమూడు అంశాలు, మూడు విభాగాలు: దేహం, చైతన్యం, ఉద్వేగం. ముఖవర్ఛస్సు, ఋతువుల మార్పుకు తట్టుకోవడం, ఆకలీ జీర్ణమూ, కోపం, భయం అన్నీ అందులో ఉన్నాయి. కళ్ళలోని చైతన్యం అని ఒక అంశం ఉన్నది! ఆసుపత్రిలో ఎవరైనా అది అడుగుతారా? మనం మాత్రం రోజూ అడుగుతాం. "కళ్ళలో కళ తప్పింది, ఏమైందిరా" అనని తల్లి తెలుగునాట ఉన్నదా? ఆ ప్రశ్నావళి నీకు ఫలానా లోపం ఉన్నదని తీర్పు చెప్పదు. నీ బ్రతుకు నీకు ఎలా ఉన్నదని అడుగుతుంది. మనిషి తన బ్రతుకు గురించి తాను చెప్పే మాటకు తానే సాక్షి. అక్కడ పొంతనకు విలువ ఉన్నది. సంప్రదాయం మనకు మంచి ప్రశ్నలు ఇవ్వగలదని నేను మనసారా ఒప్పుకొంటాను. మంచి ప్రశ్న ఇచ్చినంత మాత్రాన జవాబుకు పేరు పెట్టే హక్కు కూడా దానితోపాటు రాదని మాత్రమే నా మనవి.

చీనా వారిని అని మనవారిని విడిచిపెడితే గుమ్మడికాయల దొంగ సామెత నా భుజాల మీదికే వస్తుంది. 2024 నవంబరులో మన దేశంలో ప్రకృతి పరీక్షా ఉద్యమం ఆరంభమైంది. కోటి మందికి పైగా తమ ప్రకృతి తెలుసుకొన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పును 2019లో ఆమోదించారు. అందులో మొదట చీనా, జపాను, కొరియాల సంప్రదాయ రోగనామాలు చేరాయి. 2024 జనవరిలో ఢిల్లీలో ఆయుర్వేద, సిద్ధ, యునానీల భాగాన్ని విడుదల చేశారు. సంతోషమే. అయితే పట్టికలో సంఖ్య దొరకడం అంటే లెక్కించడానికి వీలు కలగడం. నిజమని తీర్పు కాదు. కోటి మంది నింపిన ప్రశ్నావళికి కోటి రెట్ల జవాబుదారీ ఉండాలని మాత్రం అడగవద్దా?

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రశ్నలను జనం చేతికి ఇచ్చే ముందు, చదువుకొన్నవారూ చదువుకోనివారూ పదిమందిని కూర్చోబెట్టి, "ఈ మాట వింటే మీకేమనిపించింది" అని అడిగి వ్రాసుకోండి. ఒకే జవాబును రెండు పట్టికలలో కలిపితే ఆ సంగతి ఫలితం పక్కనే చెప్పండి. ఇంటి సాక్ష్యంతో సరిపెట్టకండి. ఆ మార్కులు ఎక్కువ వచ్చినవారిలో రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం ఎందరికి ఉన్నదో పరీక్ష చేయించి చెప్పండి. ఇవన్నీ తీసివేసిన తరువాత కూడా చీ లోపమనే పేరుకు మిగిలినది ఏదైనా ఉంటే, అది రేపటి ఆరోగ్యాన్ని ముందుగా చెప్పగలిగితే, నేనే మొదట చప్పట్లు కొడతాను. అప్పటి దాకా "ప్రామాణీకరించబడినది" అని వ్రాయకండి. "జవాబులలో పొంతన ఉన్నది" అని వ్రాయండి. అది నిజం. నిజం చిన్నదైనా ఇబ్బంది లేదు.

అమ్మాయికి జవాబు వ్రాశాను. "అమ్మా, తెలుగు చూశాను. పద్దెనిమిది చోట్ల మార్చాను. 'ఆయాసం' రెండు చోట్లా తీసివేశాను. చీ అన్న మాటకు ప్రాణమనీ వాయువనీ వ్రాసినవి కొట్టివేశాను. ప్రాణవాయువంటే మన పాఠ్యపుస్తకాలలో ఆక్సిజన్. వారి పాత లిపిలో ఆ అక్షరం లోపల బియ్యపు గుర్తు ఉంటుందట. అన్నం మీది ఆవిరిని తలపించే ఆ మాటను మన మాటలలో కుదించలేం. అలాగని 'మీకు చీ తక్కువ' అని మన పెద్దవాళ్ళ ముఖం మీద అంటే ఏమనుకొంటారో నీకు తెలుసు. ఆ పేర్లు జవాబు చెప్పేవారికి చూపించనే వద్దు. పై భాగంలో ఒక వాక్యం చేర్చాను, దానిని తీసివేస్తే నా తెలుగు కూడా తీసివేయి" అన్నాను. ఆ వాక్యం ఇది: ఈ ప్రశ్నలు మీ జబ్బును చెప్పవు; వీటిలో దేనికైనా తరచుగా అని జవాబు చెప్పి ఉంటే వైద్యునికి చూపించుకోండి.

ఆమె రెండు రోజులు మౌనంగా ఉండి, తరువాత వ్రాసింది: "మాస్టారూ, మా గైడుగారితో మాట్లాడాను. వాక్యం ఉంచుతామన్నారు. రక్తపరీక్షలకు డబ్బు లేదన్నారు." మొదటి దానికి సంతోషించాను. రెండవ దానికి ఏమి జవాబు వ్రాయాలో ఇంకా తేల్చుకోలేదు.

మిత్రులకు ఒక విన్నపం. ఒంట్లో శక్తి లేకపోవడాన్ని మీ ప్రాంతంలో ఏమంటారో, ఊపిరి అందకపోవడాన్ని ఏమంటారో, రెండింటికీ ఒకే మాట వాడతారా వేరువేరు మాటలా, మీ ఇంట్లో పెద్దవారిని అడిగి వ్రాయండి. నీరసం, నిస్సత్తువ, నిస్త్రాణ, బడలిక, ఒగర్పు, రొప్పు, ఎగశ్వాస అన్నవి నా చిట్టాలో ఉన్నాయి. శ్రీకాకుళం, చిత్తూరు, పాలమూరు, ఆదిలాబాదు వైపు మాటలు నా దగ్గర తక్కువ. పుస్తకంలో చూసి కాదు, అడిగి వ్రాయండి. అడిగేటప్పుడు వారి కళ్ళలో కళ ఉన్నదో లేదో కూడా కాస్త చూడండి.